సెంట్రిఫ్యూజ్ ఆన్ కావట్లేదా? కవరు విప్పకముందు చూడాల్సినవి

పొద్దున ఎనిమిదింటికి ఫాస్టింగ్ శాంపిళ్లు ఒకదాని వెనుక ఒకటి వచ్చి పడుతుంటాయి, రక్తం ట్యూబుల్ని గిర్రున తిప్పి సెల్స్‌ని, అంటే కణాల్ని, వేరుచేసే సెంట్రిఫ్యూజ్ స్విచ్ వేస్తే లైటూ లేదు, శబ్దమూ లేదు. చాలా ల్యాబుల్లో అప్పుడు జరిగేది ఒకటే. ఆ స్విచ్చునే పదిసార్లు టకటకలాడించడం, తర్వాత సర్వీస్ ఇంజనీర్‌కి ఫోన్ కొట్టడం. ఆయన రేపో ఎల్లుండో వస్తాడు, వెనకాల వదులైన పవర్ కార్డ్‌ని లోపలికి గట్టిగా నొక్కుతాడు, మిషన్ తిరుగుతుంది, విజిటింగ్ చార్జి తీసుకుని వెళ్లిపోతాడు.

అసలు చలనమే లేని మిషన్‌లో ముందుగా అనుమానించాల్సింది మిషన్‌ని కాదు, దాని బయట ఉన్నవాటిని. గోడ సాకెట్, యూపీఎస్, వైరు, ఫ్యూజు. ఈ నాలుగూ మీరే చూసుకోవచ్చు, కవరుకున్న ఒక్క స్క్రూ కూడా విప్పక్కర్లేదు. సెంట్రిఫ్యూజ్‌ని ముందు పెట్టుకుని చెబుతున్నా కానీ ఇంక్యుబేటర్, వాటర్ బాత్, కలరీమీటర్, మైక్రోస్కోప్ దేనికైనా దాదాపు ఇదే వరస.

ముందు శాంపిళ్ల సంగతి

మిషన్ ఎక్కడికీ పోదు, రక్తం మాత్రం ఆగదు. సెల్స్‌తో కలిసి ఉన్నంతసేపూ రక్తంలో గ్లూకోజ్ మామూలు గది వేడిలో గంటకు సుమారు 5 నుంచి 7 శాతం తగ్గిపోతుంది, కాబట్టి రిపేరు తర్వాత తీరిగ్గా స్పిన్ చేద్దామంటే షుగరు రిపోర్టు తప్పు వస్తుంది. షుగర్ కోసం ఫ్లోరైడ్ ట్యూబే, అంటే గ్లూకోజ్ తగ్గకుండా ఫ్లోరైడ్ కలిపి ఉన్నదే వాడండి, అదీ మొదటి గంటలో తగ్గుదలని పూర్తిగా ఆపదు, అయినా ఏమీ లేనిదాని కంటే చాలా నయం. ఇంకో ముఖ్యమైన మాట. స్పిన్ చేయని ట్యూబుల్ని "పాడవకుండా" ఫ్రిజ్‌లో పెట్టేయకండి. చల్లదనానికి సెల్స్‌లోని పొటాషియం బయటికి కారి, ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా పొటాషియం ఎక్కువుందని రిపోర్టు వస్తుంది. ట్యూబుల్ని నిలువుగా స్టాండులో పెట్టి, పక్క ల్యాబులో స్పిన్ చేయించుకునే ఏర్పాటు ముందు చూసుకోండి, తర్వాత మిషన్ దగ్గరికి రండి. టెన్షన్ సగం అక్కడే తగ్గుతుంది.

మధ్యలో ఆగిపోయి, ట్యూబులు లోపలే ఉండిపోతే? చాలా మోడళ్లలో కరెంటు లేకపోతే మూత తెరుచుకోదు, అది లోపం కాదు, సేఫ్టీ కోసం అలా చేశారు. మాన్యువల్ చూస్తే ఎమర్జెన్సీ లిడ్ రిలీజ్ ఎక్కడుందో ఉంటుంది, సాధారణంగా పక్కనో కిందో చిన్న కన్నం గానీ ప్లాస్టిక్ బిరడా గానీ, దాన్ని తీస్తే లోపల లాగే తాడు గానీ ఉంటాయి. ప్లగ్గు పీకేసి, లోపల ట్యూబుల్ని తిప్పే రోటర్ పూర్తిగా ఆగిందని మూత మీదున్న అద్దంలోంచి కళ్లతో చూసిన తర్వాతే దాన్ని లాగాలి. కరెంటు పోతే బ్రేకు కూడా పనిచేయదు, రోటర్ తనంతట తాను ఆగడానికి చాలా నిమిషాలు పడుతుంది.

గోడ దగ్గర

ఎవర్నైనా అడగండి, "ఫోన్ ఛార్జర్ పెట్టి చూశాం సార్, కరెంటు వస్తోంది" అంటారు. ఛార్జర్ లాగేది చాలా తక్కువ కరెంటు, పైగా దానికి 100 వోల్టులైనా 240 వోల్టులైనా ఒకటే. సాకెట్ లోపల కాంటాక్టు లూజుగా ఉన్నా ఫోను ఛార్జ్ అవుతుంది, కొన్ని వందల వాట్ల సెంట్రిఫ్యూజ్ మాత్రం కదలదు. కాబట్టి పరీక్ష పెట్టేది బరువున్న దానితో పెట్టండి. హాట్ ప్లేటో, ఎలక్ట్రిక్ కెటిలో అదే సాకెట్‌కి పెట్టి రెండు నిమిషాలు నడపండి. అది సరిగ్గా నడిస్తే సాకెట్ బాగున్నట్టే. ఇక్కడ ఒక జాగ్రత్త, మనం ఇప్పటికీ ఐదు ఆంప్స్, పదిహేను ఆంప్స్ అని పిలిచే సాకెట్ల మీద నిజానికి 6, 16 అని ఉంటుంది, కెటిల్ పెద్ద పిన్నులదైతే దాన్ని అడాప్టరుతో చిన్న సాకెట్‌లోకి బలవంతంగా దూర్చకండి, ఉన్న సాకెట్ కూడా కాలుతుంది.

టెస్టర్ స్క్రూడ్రైవర్ మీద కూడా మరీ నమ్మకం పెట్టుకోకండి. అది ఫేజ్ ఉందో లేదో చెబుతుంది, న్యూట్రల్ తెగిపోయిన సంగతి చెప్పదు. న్యూట్రల్ లేకపోయినా టెస్టర్ చక్కగా వెలుగుతుంది, మిషన్ చచ్చినట్టు పడి ఉంటుంది. చాలామంది ఎలక్ట్రీషియన్లు కూడా టెస్టర్ పెట్టి "కరెంటు ఉందండీ, మిషనే పోయింది" అనేసి వెళ్లేది ఇక్కడే.

మల్టీమీటర్ ఒకటి ల్యాబులో ఉండాలి. మరీ చవకరకం కాకుండా, మీద 600 వోల్ట్ క్యాట్ 3 అని రాసి ఉన్నది కొనండి. ఏసీ వోల్టేజ్ మీద పెట్టి, ప్రోబ్స్ లోహం తగలకుండా ప్లాస్టిక్ భాగం పట్టుకుని మూడు కొలతలు తీయండి. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 230కి అటూఇటూ రావాలి. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటి రెండు వోల్టులకు మించకూడదు. ఫేజ్-ఎర్త్ 230 చూపించి ఫేజ్-న్యూట్రల్ దగ్గర ఏమీ రాకపోయినా, పిచ్చిపిచ్చిగా మారుతున్నా న్యూట్రల్ తెగింది. ఫేజ్-న్యూట్రల్ బాగుండి ఎర్త్‌తో ఏమీ రాకపోతే ఎర్త్ లేదు, మిషన్ నడుస్తుంది గానీ నడపకండి, ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. 170, 180 చూపిస్తుంటే అది వీధి సమస్య, వేసవి సాయంత్రాలు చిన్న ఊళ్లలో అందరికీ తెలిసిందే, మిషన్ తనని తాను కాపాడుకోవడానికి ఆన్ కాకుండా ఉండొచ్చు. 280, 300 దాటి చూపిస్తే మాత్రం ఆ లైన్‌లో ఉన్న ప్రతి ప్లగ్గూ వెంటనే పీకేయండి. త్రీ ఫేజ్ సర్వీసులో మెయిన్ న్యూట్రల్ ఊడితే ఇలాగే అవుతుంది, ఒక్క సెంట్రిఫ్యూజ్ కాదు, రక్తపరీక్షలు చేసే ఎనలైజర్, ఫ్రిజ్, కంప్యూటర్ అన్నీ కలిసి పోతాయి.

డిస్ట్రిబ్యూషన్ బాక్స్ కూడా తెరిచి చూడండి. ఏది కిందికి పడిందన్నది కూడా ఒక సమాచారమే. ఎమ్‌సీబీ, అంటే మామూలు బ్రేకర్ స్విచ్ పడితే ఎక్కువ కరెంటు లాగింది లేదా షార్ట్ అయింది. ఆర్‌సీసీబీ, అంటే టెస్ట్ బటన్ ఉండేది పడితే ఎక్కడో కరెంటు ఎర్త్‌లోకి కారుతోంది, మనుషుల రక్షణ కోసం పెట్టేవి 30 మిల్లీ ఆంప్స్ లీకేజీకే పడిపోతాయి. వానాకాలంలో చాన్నాళ్లు వాడకుండా పెట్టిన వాటర్ బాత్, హాట్ ఎయిర్ ఓవెన్, ఆటోక్లేవ్ ఆన్ చేయగానే ఆర్‌సీసీబీ పడిందంటే హీటర్ ఎలిమెంట్ చెమ్మ పీల్చుకుని ఉంటుంది. దాన్ని బైపాస్ చేసి నడిపే ధైర్యవంతులు ఉంటారు, మీరు ఆ పని చేయకండి. ప్లగ్గు పీకి దాన్ని పక్కన పెట్టి, ఆర్‌సీసీబీ ఎత్తండి. నిలబడితే దోషి దొరికినట్టే. ఎత్తినా మళ్లీ పడుతుంటే ఆ లైన్‌లో ఉన్నవన్నీ పీకేసి ఒక్కొక్కటే తిరిగి పెట్టుకుంటూ రండి.

మిషన్‌కీ గోడకీ మధ్య

ఎంత ఎక్కువ సామాను మధ్యలో ఉంటే అన్ని అనుమానాలు. యూపీఎస్, స్టెబిలైజర్, జంక్షన్ బాక్స్ వరసగా తగిలించి ఉంటాయి కదా, అన్నీ తీసేసి, ఇందాక మీరు పరీక్షించిన సాకెట్‌కి మిషన్‌ని నేరుగా పెట్టండి. ఆన్ అయితే మిషన్‌లో ఏమీ లేదు, ఒక్కొక్కటీ తిరిగి తగిలించుకుంటూ వెళ్తే ఎక్కడ ఆగిందో తెలిసిపోతుంది.

స్టెబిలైజర్ అయితే డిస్‌ప్లే చూడండి. వోల్టేజ్ మరీ ఎక్కువై హై కట్‌లో గానీ, మరీ తక్కువై లో కట్‌లో గానీ ఉంటే బయటికి కరెంటు వదలదు. ఫ్రిజ్‌లకి పెట్టే వాటిలో కరెంటు వచ్చాక కొన్ని నిమిషాలు ఆగి వదిలే టైమర్ ఉంటుంది, "ఆన్ కావట్లేదు" అని కంగారుపడి మళ్లీమళ్లీ ఆఫ్ చేసి ఆన్ చేస్తే టైమర్ ప్రతిసారీ మొదటికొస్తుంది. యూపీఎస్‌లో బ్యాటరీ మూడు నాలుగేళ్లకు చేతులెత్తేస్తుంది, ఆన్ బటన్ నొక్కితే ఒక కూత పెట్టి ఆరిపోతుంది. పైగా 600 వీఏ అని రాసి ఉన్న చిన్న యూపీఎస్ నిజంగా ఇచ్చేది చాలావాటిలో 360 వాట్లే, దానికి కంప్యూటర్‌తో పాటు సెంట్రిఫ్యూజ్ కూడా తగిలిస్తే మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు లాగే కరెంటుకి యూపీఎస్ ఓవర్‌లోడ్ అయి అన్నింటినీ ఆర్పేస్తుంది. సెంట్రిఫ్యూజ్‌ని యూపీఎస్ మీద పెట్టకండి, ఎనలైజర్‌కీ కంప్యూటర్‌కీ దాన్ని వదిలేయండి.

ఇక పవర్ కార్డ్. గదులు తుడిచేటప్పుడు స్టూలు జరిపితే వెనకాల ఊడిపోయేది ఇదే. చూడ్డానికి లోపలే ఉన్నట్టుంటుంది, అర అంగుళం బయటికి వచ్చి ఉంటుంది. ఒకసారి పూర్తిగా తీసి మళ్లీ గట్టిగా పెట్టండి. కంప్యూటర్ సీపీయూకి వచ్చే కార్డే చాలా మిషన్లకి సరిపోతుంది, కాబట్టి పక్క కంప్యూటర్‌ది తీసి పెట్టి చూడటం అన్నిటికంటే తేలిక. ఒక షరతు, హాట్ ఎయిర్ ఓవెన్ లాంటి ఎక్కువ వాట్ల వాటికి సన్నటి కంప్యూటర్ కార్డ్ పెట్టకండి, వేడెక్కి కరుగుతుంది. మీటర్‌తో చూడాలంటే కార్డ్‌ని రెండు వైపులా పీకేసి, కంటిన్యుటీలో పెట్టి, ఈ చివర పిన్నుకీ ఆ చివర కన్నానికీ ఒక్కో వైరుగా చూడండి, మూడూ బీప్ అనాలి. బీప్ వస్తున్నప్పుడే కార్డ్‌ని ప్లగ్గు మొదట్లో అటూఇటూ వంచండి, వైరు లోపల తెగేది ఎక్కువగా అక్కడే. ఎలుకలు కొరికిన గుర్తులుంటే టేపు చుట్టే ఆలోచన మానుకుని కొత్తది కొనండి.

అడాప్టర్‌తో నడిచే వాటి కథ వేరు. పీహెచ్ మీటర్, వెయింగ్ బ్యాలెన్స్, ఎల్‌ఈడీ మైక్రోస్కోప్ లాంటివాటికి "పిన్ను సరిపోయింది కదా" అని ఇంకో అడాప్టర్ పెట్టేస్తుంటారు. వోల్టు ఒకటే ఉండాలి, ఆంప్స్ అంతే గానీ ఎక్కువ గానీ ఉండాలి, మధ్య పిన్ను ప్లస్సా మైనస్సా అన్న బొమ్మ రెండింటి మీదా ఒకేలా ఉండాలి. ఇంకోటి చాలామంది చూడరు, కొన్ని పాత మీటర్ల అడాప్టర్లు డీసీ కాదు, ఏసీయే ఇస్తాయి. అవుట్‌పుట్ అన్న దగ్గర రాసినది చదవకుండా మార్చితే నడిచే మిషన్ కూడా పోతుంది.

ఫ్యూజు, ఇక్కడే అసలు నిదానం కావాలి

పవర్ కార్డ్ దూరే చోటనే, దాని పైనో కిందో చిన్న సొరుగు ఉంటుంది, కొన్నింటిలో గుండ్రటి మూతలా తిప్పితే వస్తుంది. ప్లగ్గు గోడ నుంచి పీకేసి, కార్డ్ కూడా తీసేసి, చిన్న స్క్రూడ్రైవర్‌తో ఆ సొరుగు లాగండి. సాధారణంగా 5 మిల్లీమీటర్ల మందం, 20 మిల్లీమీటర్ల పొడవున్న గాజు ఫ్యూజు ఉంటుంది. కొన్నింటిలో రెండు ఉంటాయి, రెండూ వాడుకలో ఉన్నవి కావచ్చు, లేదా ఒకటి స్పేర్ కావచ్చు, రెండూ చూడండి.

గాజు ఫ్యూజుని కంటితో చూసి బాగుందనేయకండి, సన్నటి తీగ చివర్లో తెగితే కనిపించదు. మీటర్ పెడితే బీప్ రావాలి. పోయినట్టయితే ఆ గాజు ఎలా ఉందో చూడండి, అది చాలా చెబుతుంది. తీగ మధ్యలో ప్రశాంతంగా తెగి గాజు శుభ్రంగా ఉంటే కొద్దిగా ఓవర్‌లోడ్ అయి ఉంటుంది, లేదా ఫ్యూజే పాతబడి ఉంటుంది. గాజు లోపలంతా నల్లగానో, అద్దానికి పూత పూసినట్టు వెండి రంగులోనో మారిపోతే మాత్రం ఒక్కసారిగా పెద్ద కరెంటు వెళ్లింది, లోపల ఏదో షార్ట్ అయింది. ఇలాంటిది చూస్తే కొత్త ఫ్యూజు వేసి ప్రయత్నించాలన్న ఆశ వదిలేసి నేరుగా ఇంజనీర్‌ని పిలవండి.

శుభ్రంగా తెగిన దాని స్థానంలో ఒక్కసారి, ఒకే ఒక్కసారి కొత్తది వేయొచ్చు. సొరుగు పక్కన గానీ వెనక స్టిక్కర్ మీద గానీ "టీ 3.15 ఏ 250 వీ" లాంటి రాత ఉంటుంది. టీ అంటే నిదానంగా తెగే రకం, ఎఫ్ అంటే వెంటనే తెగేది. మోటార్ ఉన్న మిషన్లు స్టార్ట్ అయ్యేటప్పుడు క్షణం పాటు ఎక్కువ లాగుతాయి కాబట్టి వాటికి టీ రకమే ఇస్తారు. అందులో ఎఫ్ రకం వేస్తే బాగున్న మిషన్‌లో కూడా మళ్లీ తెగుతుంది, మీరు లేని రోగం వెతుక్కుంటూ కూర్చుంటారు. ఆంప్స్ ఎక్కువది వేయడం, సిగరెట్ పెట్టెలో వెండి కాగితం చుట్టడం, వైరులోంచి ఒక పోగు తీసి కట్టడం, ఇవన్నీ మన దగ్గర పనితనం కింద లెక్క, కానీ ఫ్యూజు బదులు అప్పుడు లోపలి బోర్డు కాలుతుంది, ఒక్కోసారి గదే. కొత్త ఫ్యూజు కూడా పోయిందంటే అక్కడితో ఆపండి.

ఇంత చేశాక కూడా చలనం లేకపోతే కవరు విప్పాలనిపిస్తుంది, తెలుసు. వారంటీ స్టిక్కర్ చిరుగుతుందన్నది చిన్న విషయం. ఇప్పటి మిషన్లలో ఎక్కువ వాటికి ఎస్‌ఎంపీఎస్ అనే పవర్ సప్లై బోర్డు ఉంటుంది, 230 వోల్టుల ఏసీని అది ముందు దాదాపు 325 వోల్టుల డీసీగా మార్చి కెపాసిటర్లో నింపుకుంటుంది, ప్లగ్గు పీకేశాక కూడా అది కొంతసేపు అక్కడే ఉంటుంది. బోర్డు చచ్చిపోయినప్పుడే ఆ ఛార్జి దిగకుండా ఎక్కువసేపు నిలిచే అవకాశం ఉంది. ఎలక్ట్రానిక్స్ చేతి పని నిజంగా వచ్చినవాళ్లకి తప్ప అది మీ పని కాదు.

మిషన్ బాగుండి కూడా ఆన్ కానివి

కొన్ని అసలు లోపాలే కావు. వెనకాల మెయిన్ స్విచ్, ముందు స్టాండ్‌బై బటన్ రెండూ ఉన్న ఎనలైజర్లలో ఎవరో వెనకది ఆపి ఉంటారు. ఎర్ర ఎమర్జెన్సీ బటన్ ఉంటే అది నొక్కుకుపోయి ఉండొచ్చు, బాణం గుర్తు వైపు తిప్పితే పైకి లేస్తుంది. సెంట్రిఫ్యూజ్ మూత సరిగా పడకపోతే కొన్ని చిన్న మోడళ్లు పూర్తిగా నిర్జీవంగా ఉంటాయి, మూత గొళ్లెం చోట ఎండిన సీరమ్, గాజు ముక్క ఏమైనా అడ్డం పడిందేమో చూడండి. చాలా పాత మోడళ్లలో స్పీడ్ నాబ్‌ని సున్నాకి తెచ్చి, టైమర్ తిప్పిన తర్వాతే స్టార్ట్ అవుతుంది, కొత్తగా చేరిన టెక్నీషియన్‌కి ఈ సంగతి ఎవరూ చెప్పరు. లైటు వెలుగుతూ మోటారు మాత్రం తిరగకపోతే అది పవర్ సమస్యే కాదు, మోటారుకి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగి ఉండొచ్చు, ఇంజనీర్‌కి ఆ మాట చెబితే వచ్చేటప్పుడు జత తెచ్చుకుంటాడు.

మైక్రోస్కోప్ "ఆన్ కావట్లేదు" అంటే ముందు వెలుతురు నాబ్ తక్కువలో ఉందా చూసి, తర్వాత బల్బు మార్చండి. హాలోజన్ బల్బుని వట్టి వేళ్లతో ముట్టుకోకండి, చేతి జిడ్డు అంటిన చోట వేడెక్కి త్వరగా పోతుంది. ఇంక్యుబేటర్, వాటర్ బాత్‌లలో ఓవర్ టెంపరేచర్ సేఫ్టీ ఉంటుంది. వాటర్ బాత్‌లో నీళ్లు ఆవిరైపోయి ఎండితే అది పడిపోతుంది, చల్లారాక రీసెట్ బటన్ నొక్కాలి, నీళ్లు పోసిన తర్వాత.

అమెరికా నుంచి విరాళంగానో, బంధువుల ద్వారానో వచ్చిన మిషన్ అయితే ప్లగ్గు మార్చి పెట్టేసే ముందు ఆగండి. అక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. వెనకాల 115, 230 అని జరిపే చిన్న స్విచ్ ఉంటే అది 230 వైపు ఉండాలి, 115లో ఉంచి మన కరెంటు ఇస్తే ఠప్‌మని ఒక్క శబ్దంతో కథ ముగుస్తుంది. ఆ స్విచ్ లేకుండా స్టిక్కర్ మీద 120 మాత్రమే ఉంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు. అది వోల్టునే తగ్గిస్తుంది, 50 హెర్ట్జ్ అలాగే ఉంటుంది, కాబట్టి లైన్ ఫ్రీక్వెన్సీ మీద నేరుగా నడిచే మోటార్లు ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతాయి. సెంట్రిఫ్యూజ్‌కి అది చిన్న తేడా కాదు.

ఇంజనీర్‌ని పిలిచేటప్పుడు

"మిషన్ ఆన్ కావట్లేదు" అని కాకుండా మోడల్, సీరియల్ నంబరు, సాకెట్‌లో వచ్చిన మూడు వోల్టేజీలు, కార్డ్ మార్చి చూశారా, ఫ్యూజు ఎలా తెగింది, కాలిన వాసన వచ్చిందా, ఆగే ముందు ఏం జరిగింది, ఇవి వాట్సాప్‌లో రాసి, నల్లబడిన ఫ్యూజు ఫొటో కూడా పంపండి. ఏఎంసీ, అంటే ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందంలో ఉంటే అందులో విడిభాగాలు కలిసి ఉన్నాయో లేదో ముందే చూసుకోండి, వచ్చాక వాదన అనవసరం. ఆయన చేతులు పెట్టేది రక్తం తిరిగిన మిషన్‌లో కాబట్టి బయటంతా 70 శాతం ఆల్కహాల్‌తో తుడవండి. లోపల ట్యూబు పగిలి ఉంటే గ్లవుజులు వేసుకుని, గాజు ముక్కలు ఫోర్సెప్స్‌తో తీసి, 1 శాతం హైపోక్లోరైట్ వాడండి, కానీ అది అల్యూమినియం రోటర్‌ని తినేస్తుంది, పదిహేను ఇరవై నిమిషాలు ఆగి మంచినీళ్లతో తుడిచేయాలి.

బాగయ్యాక వెంటనే పేషెంట్ శాంపిళ్లు పెట్టేయకండి. ఎదురెదురుగా సమానంగా నీళ్లు నింపిన ట్యూబులతో ఒకసారి తిప్పి, అదురు, వాసన, వింత శబ్దం ఏమీ లేవని చూడండి, ఎనలైజర్ అయితే కంట్రోల్స్, అంటే ఫలితం ముందే తెలిసిన శాంపిళ్లు నడిపి, అవి ఉండాల్సిన హద్దుల్లోకి వచ్చాకే మొదలుపెట్టండి. లాగ్ బుక్‌లో తేదీ, కారణం రాసి, సరైన రేటింగ్ ఫ్యూజులు ఓ ఐదారు కొని, చిన్న జిప్ కవర్లో వేసి, మిషన్ వెనకాల టేపుతో అంటించేయండి. షాపులో ఒక్కోటి కొద్ది రూపాయలే.